పులిజూదము: రాతిపలకనుండి యంత్రమునకు

పేరులో జూదమున్నను పందెము లేని ఆట పులిజూదము. దీనినే పులి–మేక ఆట యందురు. చదునైన రాయి యొకటి, గీతలు గీయుటకు బొగ్గుముక్క యొకటి, మేకలకు చింతగింజలు పదునైదు, పులులకు గులకరాళ్లు మూడు చాలును, ఆట సిద్ధమగును. పాచికలు లేవు, గవ్వలు లేవు. కావున అదృష్టమునకు ఇందు తావు లేదు. గెలిచినవాడు తన ఆలోచనచే గెలుచును. ఓడినవాడు తన పొరపాటుచే ఓడును. తెలుగునాట రచ్చబండలమీదను, పాతగుళ్ల రాతినేలలమీదను ఈ ఆటగీతలు నేటికిని కనబడుచున్నవి. ఇప్పుడా గీతలు సెల్‌ఫోను అద్దముమీదికి ఎక్కినవి. ఎదుట మనిషి లేకున్నను ఆట సాగును. మేకను బాలుడు కదపగా పులిని యంత్రము కదపును. ఈ మార్పువలన కలుగునది లాభమా, నష్టమా యను ప్రశ్న ఆటగాండ్రకంటె ఉపాధ్యాయులకే ముఖ్యమైనది. ఏలయనగా పిల్లలు ఏమి ఆడుచున్నారో, ఎట్లు ఆడుచున్నారో, అట్లే ఆలోచించుట నేర్చుకొందురు.

ఈ ప్రశ్నను పట్టణమున కూర్చుండి విచారించుట వేరు. గుమ్మలక్ష్మీపురమువంటి చోట విచారించుట వేరు. తూర్పు కనుమల నడుమనున్న ఈ మండలము 1979 వరకు శ్రీకాకుళము జిల్లాలోను, పిమ్మట విజయనగరము జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. సవరలు, జాతాపులు ఇచ్చటి ప్రధాన గిరిజనులు. పోడు వ్యవసాయము, జీడిమామిడి, చింతపండు, కొండచీపురు ఇచ్చటి జీవనాధారములు. నేటి పిల్లలు కొండలలో పులిని చూచుట లేదు. ఒడిషానుండి దిగివచ్చిన ఏనుగులనే చూచుచున్నారు. గూడెములోని పిల్లలలో అనేకులు చిన్నవయసుననే ఇల్లు విడిచి ఆశ్రమపాఠశాలకు వచ్చుచున్నారు. అనగా తాతతో కూర్చుండి ఆడవలసిన వయసున ఆ పిల్లవాడు తాతకు దూరముగా నుండును. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్‌లు పంచిపెట్టినది. తాత దూరమైన చోటికి యంత్రము దగ్గరయినది. పులిజూదము తాతనుండి రాకపోయిన యెడల యంత్రమునుండియే వచ్చును. లేదా రానే రాదు. ఇచ్చటి ఉపాధ్యాయునకు ఇది వినోదవిషయము కాదు. ఒక తరమునుండి మరియొక తరమునకు విద్య చేరుటకు సంబంధించిన విషయము.

ముందు ఆటను సరిగా తెలిసికొనవలెను. పలకమీద శిఖరమునుండి నాలుగు గీతలు క్రిందికి విచ్చుకొని దిగును. వానిని అడ్డగీతలు ఖండించును. ఇరుప్రక్కల కట్లు వచ్చును. గీతలు కలిసిన చోట్లన్నియు స్థానములు. శిఖరమున ఒకటి, తరువాతి మూడు వరుసలలో ఆరేసి, అడుగువరుసలో నాలుగు, మొత్తము 23 స్థానములు. మేకలవాడు ఎత్తున కొక మేకను పలకపై నుంచును. పులులవాడు ఎత్తున కొక పులిని జరుపును. పదునైదు మేకలును పలకపైకి వచ్చువరకు ఏ మేకయు కదలరాదు. మేకను ఆనుకొనియున్న పులి, అదే గీతపై ఆ మేక కావల ఖాళీ యున్నచో దూకి దానిని చంపును. మేకలు చంపలేవు. అవి చేయగలిగినది ఒక్కటే: మూడు పులులకును కదలుటకు చోటు లేకుండ చుట్టుముట్టుట.

ఇరుపక్షముల బలము సమానముగా లేకున్నను ఆట సమానముగా సాగుట ఇందలి గొప్ప. చదరంగమున తెల్లసేనయు నల్లసేనయు ఒక్కటే. ఇచ్చట ఒకరు కొద్దిమంది బలవంతులు, ఒకరు పెక్కుమంది బలహీనులు. ఒంటరి మేక పులికి ఆహారము. దాని వెనుక మరియొక మేక నిలిచినచో పులి దూకజాలదు. ముందున్నదానిని రక్షించునది వెనుకనున్నది. ఈ సత్యమును పిల్లవానికి ఎవరును ఉపన్యాసముగా చెప్పనక్కరలేదు. నాలుగు మేకలు పోగొట్టుకొన్న పిమ్మట వాడే గ్రహించును. పులులవాడు నేర్చు పాఠము వేరు. మేకను చంపవలెనను ఆశతో మూలకు పోయిన పులి అచ్చటనే చిక్కుకొనును. పక్షములు మార్చుకొని ఆడిన బాలుడు రెండు పాఠములును ఒక్క సాయంకాలముననే నేర్చుకొనును.

ఇక యంత్రముల సంగతి. ఆలోచించి ఆడు యంత్రమును చేయవలెనను కోరిక కంప్యూటరుకంటె పాతది. 1770లో కెంపెలెన్ అను నతడు వియన్నా రాజసభలో చదరంగమాడు తురుష్కబొమ్మను ప్రదర్శించి యూరపును ఆశ్చర్యపరచెను. ఆ బొమ్మపెట్టెలో మనిషి దాగియుండెడివాడు, అది మోసము. నిజమైన దారిని చూపినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్. యంత్రముచే చదరంగ మాడించు పద్ధతిని అతడు 1950లో ఒక వ్యాసమున వివరించెను. యంత్రము తన ఎత్తులన్నిటిని ఊహించును. ప్రతి ఎత్తునకు ఎదుటివాని జవాబులను ఊహించును. వానికి మరల తన జవాబులను ఊహించును. ఇట్లు కొమ్మలు రెమ్మలుగా పెరిగిన ఊహావృక్షపు చివరి రెమ్మలకు వెల కట్టి, ఎదుటివాడు తనకు మిక్కిలి కీడు చేయు ఎత్తునే వేయునని తలచి, ఆ కీడు తక్కువయగు ఎత్తును ఎన్నుకొనును. మేకకు అడుగు వేయించుటకు ముందు తాత చేయునదియు ఇదియే. తాత నాలుగు కొమ్మలు చూచును. యంత్రము కోట్ల కొమ్మలు చూచును.

ఆ కోట్ల బలము 1997 మే నెలలో లోకమునకు తెలిసినది. ఐ.బి.ఎం. సంస్థవారి డీప్ బ్లూ యంత్రము ప్రపంచవిజేత కాస్పరోవ్‌ను ఆరు ఆటల పోటీలో మూడున్నర–రెండున్నర పాయింట్ల తేడాతో ఓడించెను. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలింపగలిగెడిది. దానికి పూర్వరూపమైన డీప్ థాట్ యంత్రము పుట్టినది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారమును పొందిన రాజ్ రెడ్డిగారు దీర్ఘకాలము ఆచార్యత్వము నెరపినది ఆ విశ్వవిద్యాలయముననే. పల్లెబడిలో చదువు ప్రారంభించిన తెలుగువాడు యంత్రములకు మాట వినుట నేర్పిన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడయ్యెనను విషయము కొండబడి పిల్లలకు తప్పక చెప్పదగినది. పిమ్మట 2007లో కెనడా శాస్త్రజ్ఞుడు జొనాథన్ షేఫర్ బృందము చెకర్స్ ఆటను పూర్తిగా ఛేదించినది: ఇరువురును పొరపాటు చేయనిచో ఆ ఆట సమముగా ముగియును. 2016లో ఆల్ఫాగో యంత్రము గో ఆటలో కొరియా వీరుడు లీ సెడోల్‌ను నాలుగు–ఒకటిగా ఓడించినది. మూడు సంవత్సరములకు ఆయన పోటీల నుండి విరమించుచు, జయింపరాని వస్తువొకటి ఏర్పడినదని బాధపడెను.

పులిజూదమునకు దగ్గరి చుట్టము నేపాల్ దేశపు బాఘ్‌చాల్. అందు 25 స్థానములు, నాలుగు పులులు, ఇరువది మేకలు. ఆ ఆటను లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్‌గెల్ట్ అను పరిశోధకులు కంప్యూటరుతో శోధించి, ఇరుపక్షములును దోషము లేక ఆడినచో అదియు సమముగానే ముగియునని ఈ శతాబ్దపు తొలి దశకమున నిరూపించిరి. మన పులిజూదపు విస్తారమును ఇంటరు విద్యార్థి యెవడైనను కాగితముమీద లెక్కింపగలడు. 23 స్థానములలో మూడు పులులను ఉంచు విధములు 1,771. మిగిలిన 20 స్థానములలో 15 మేకలను ఉంచు విధములు 15,504. రెంటిని గుణించినచో 2,74,57,584. పదునైదు మేకలును మిగిలినప్పటి స్థితులు మొదలు ఒక్క మేకయు మిగులనప్పటి స్థితులవరకు అన్నిటిని కూడినచో 1,84,60,54,980. ఎత్తు ఎవరిదను భేదమును కలిపినచో దానికి రెట్టింపు. మనిషి జీవితకాలమున ఇన్ని స్థితులను చూడలేడు. నేటి కంప్యూటరునకు ఇది పెద్ద లెక్క కాదు. కావున ఈ ఆటలో యంత్రమును ఓడింపజాలమని పిల్లవాడు చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. బస్సుతో పరుగుపందెము వేసి ఓడినవాడు సిగ్గుపడునా?

యంత్రపుటాటవలని లాభములను కాదనుట న్యాయము కాదు. అది విసుగుకొనదు. ఆడుటకు తోడు లేని పిల్లవానికి తోడగును. రాతిపలక చెరిగిపోయిన ఊరిలోను ఆటను బ్రదికించును. చదరంగమున గుంటూరు హరికృష్ణ, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, వరంగల్లు అర్జున్ ఎరిగైసి మొదలగువారు ప్రపంచస్థాయికి ఎదిగిన కాలము యంత్రసహాయమున అభ్యసించు కాలమే. హంపి 2019లోను, 2024లోను ప్రపంచ రాపిడ్ విజేతగా నిలిచినది. పూర్వము పెద్దనగరములలోని గురువులకే పరిమితమైన విద్యను కంప్యూటరు చిన్న ఊళ్లకు చేర్చినదనుట నిజము.

నష్టములును నిజమే. రాతిపలకమీది ఆటలో నియమములు సజీవముగా నుండును. దూకుటకు అవకాశమున్నపుడు పులి తప్పక దూకవలెనా, మానవచ్చునా? ఒకే ఎత్తులో రెండు మేకలను చంపవచ్చునా? ఎన్ని మేకలు చచ్చినచో పులి గెలిచినట్లు? ఊరూరికి సమాధానము మారుచుండును. ఆటకు ముందు పిల్లలు తగవులాడుకొని ఒక ఒప్పందమునకు వత్తురు. ఆ తగవు సామాన్యమైనది కాదు. నియమమనునది ఆకాశమునుండి ఊడిపడినది కాదనియు, ఆడువారందరు అంగీకరించినదే నియమమనియు పిల్లలు అచ్చటనే తెలిసికొందురు. యంత్రమున ఆ తగవునకు అవకాశము లేదు. ఎక్కడనో ఎవరో ఒకరు నిర్ణయించిన నియమము అద్దము వెనుక బిగిసిపోయియుండును. దానిని ప్రశ్నింపవలెనని కూడ పిల్లవానికి తోచదు.

రెండవ నష్టము మౌనము. రచ్చబండమీద ఆడువారు ఇద్దరైనను ఆట నలుగురిది. చూచువాడు మాట అందించును. మరియొకడు వానిని మందలించును. పెద్దవాడు పిల్లవాని మేకను చంపబోయి, ఆగి, “మరల చూచుకో నాయనా” అనును. ఆ ఆగుటలో దయ యున్నది, బోధ యున్నది. యంత్రమునందును ఎత్తును వెనుకకు తీసికొను మీట యుండును; కాని మీట నొక్కుటకును, పెద్దవాని మనసు కరగుటకును గల భేదమును పిల్లలు ఎరుగుదురు. ఓడిన పిమ్మట ఎదుటివాని ముఖమును చూచి నవ్వగలుగుట ఒక సంస్కారము. యంత్రముతో ఓడినవాడు మీట నొక్కి ఓటమిని తుడిచివేయును. ఆ సంస్కారము అలవడుటకు సమయమే యుండదు.

అయినచో యంత్రమును త్రోసివేయవలెనా? వలదు. త్రోసివేయుదమన్నను అది పోదు. చేయవలసినది వేరొకటి కలదు. ఇతరులు చేసిన ఆటను పిల్లలచే ఆడించుటతో తృప్తిపడక, ఆ ఆటను యంత్రమునకు నేర్పు పనిని పిల్లలకే అప్పగింపవలెను. పాఠశాలలో కంప్యూటరుయొక్క సార్థకమైన ఉపయోగము ఇదియే. ఆడువాడు ఎత్తులను నేర్చుకొనును. యంత్రమునకు ఆట నేర్పువాడు ఆటయొక్క ఎముకలను చూచును. “పులి దూకవచ్చును” అని మనిషితో అన్నచో చాలును. యంత్రముతో అట్లు చెప్పిన చాలదు. ఏ స్థానమునుండి ఏ స్థానమునకు గీత యున్నది, నడుమ ఏమున్నది, ఆవల ఏమున్నది అని 23 స్థానములకును విడివిడిగా చెప్పవలెను. సందేహము వచ్చినచోట ఊరికి పోయి తాతను అడుగవలెను. ఒక గూడెపు తాత ఒక విధముగా, మరియొక గూడెపు తాత వేరొక విధముగా చెప్పినచో రెంటిని వ్రాసికొనవలెను. అప్పుడు యంత్రము తాతను మరపించునది కాక, పిల్లవానిని తాతకడకు పంపునదగును.

ఈ మాట వినగానే ఉపాధ్యాయులు చెప్పదగిన ఆక్షేపణలు కలవు. కంప్యూటర్లు చాలవు; ఉన్నవి చెడిపోయినవి; కరెంటు నిలువదు; పాఠ్యప్రణాళిక ముగియదు; పరీక్షలు ముంచుకొని వచ్చుచున్నవి. ఇవన్నియు నిజములే. వీనిని తేలికగా తీసివేయువాడు కొండబడిని చూడనివాడు. కాని యంత్రమునకు ఆట నేర్పు విద్యకు యంత్రమే యుండవలెనను నియమము లేదు. కంప్యూటరు శాస్త్రమునకు పునాది వేసిన అలన్ ట్యూరింగ్ చదరంగపు ప్రోగ్రామును వ్రాసినపుడు దానిని నడుపగల యంత్రమే లేదు. 1952లో ఆయన తానే యంత్రమై, తాను వ్రాసికొన్న నియమములను తప్పక పాటించుచు, కాగితముమీద లెక్కలు వేయుచు, తన సహోద్యోగి అలిక్ గ్లెన్నీతో ఆడెను. ఒక్కొక్క ఎత్తునకు అరగంట పట్టెను. ఆ కాగితపుయంత్రము ఓడిపోయెను. ఓడినను అది చరిత్రలో నిలిచినది.

1961లో డొనాల్డ్ మిచీ అను మరియొక ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 304 అగ్గిపెట్టెలతో ఒక యంత్రమును కట్టెను. తొమ్మిది గళ్లలో సున్నలు, ఇంటూ గుర్తులు వేయు పిల్లల ఆటను అది ఆడును. ఒక్కొక్క స్థితికి ఒక్కొక్క పెట్టె. పెట్టెలో రంగురంగుల పూసలు. ఒక్కొక్క రంగు ఒక్కొక్క గడికి గుర్తు. కన్నులు మూసి పూస తీసి, ఆ రంగు చూపిన గడిలో గుర్తు వేయవలెను. యంత్రము గెలిచినచో వాడిన రంగు పూసలను ఆయా పెట్టెలలో అధికముగా వేయవలెను. ఓడినచో తీసిన పూసలను తొలగింపవలెను. ఆటలు గడచినకొలది చెడ్డ ఎత్తుల పూసలు తరిగి, మంచి ఎత్తుల పూసలు పెరిగి, అగ్గిపెట్టెలే తెలివి నేర్చినవి. నేడు లోకమంతయు ఆశ్చర్యపడి చెప్పుకొను కృత్రిమమేధకు మూలసూత్రములలో ఒకటి ఈ అగ్గిపెట్టెలలో నున్నది. పూసలకు బదులు గురిగింజలు, చింతగింజలు, జీడిగింజలు ఏ బడికి దొరకవు?

కావున పద్ధతి సులభము. వారమునకొక గంట చాలును. మొదటివారము వరండా నేలమీద సుద్దతో పలక గీచి పిల్లలచే ఆడింపవలెను. రెండవవారము ఇంటికి పోయి వచ్చిన పిల్లలు తమ ఊరి నియమములను చెప్పగా నల్లబల్లమీద వ్రాయవలెను. మూడవవారము స్థానములకు 1 మొదలు 23 వరకు అంకెలు వేసి, ఏ అంకెకు ఏ అంకెతో గీత కలదో పట్టిక కట్టవలెను. నాలుగవవారము ఒక పిల్లవానిని యంత్రముగా కూర్చుండబెట్టవలెను. అతడు సొంతముగా ఆలోచింపరాదు, తరగతి వ్రాసి యిచ్చిన నియమములనే పాటింపవలెను. అతడు వెర్రి ఎత్తు వేసినప్పుడెల్ల తరగతి నవ్వును. నవ్వి, నియమమును దిద్దును. కంప్యూటరు దొరికిననాడు ఆ పట్టికయు, ఆ నియమములును యంత్రమున ఎక్కింపవచ్చును; దొరకకున్నను విద్య లభించినట్లే. గణితము నుండి గంట దొంగిలించితిమని ఎవరును భయపడనక్కరలేదు. స్థానములను లెక్కించుట గణితము. నియమమును సందిగ్ధము లేని వాక్యముగా వ్రాయుట భాష. తాతను అడిగి వ్రాసికొనుట సాంఘికశాస్త్రము.

మరియొక విషయము. గూడెపు పిల్లవాడు ఆటను చేసినపుడు దాని పలుకులు అతని భాషలోనే యుండవలెను. సవరభాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగునకు చుట్టము కాదు. ఈ సంగతిని గుర్తించి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని గిడుగు రామమూర్తిపంతులుగారు ఈ కొండల కావలనున్న పర్లాకిమిడిలో నుండి పాటుపడిరి. ఆయన సవరభాషను నేర్చి, వాచకములు వ్రాసి, స్వయముగా బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును వెలువరించిరి. పుస్తకము వచ్చిన కాలమున పుస్తకము ఆ పిల్లల భాషలో నుండవలెనని ఆయన కోరినారు. యంత్రము వచ్చిన కాలమున యంత్రము వారి భాషలో పలుకవలెనని కోరుట ఆ కోరికకు కొనసాగింపే. పులికిని మేకకును సవరలో, జాతాపుల మాటలో ఏమందురో పిల్లలకు తెలియును; అద్దముమీద ఆ మాట కనబడిననాడు వారికి కలుగు గౌరవమును ఏ పాఠ్యపుస్తకమును ఈయజాలదు.

ఊరికొక విధముగా నున్న నియమములు యంత్రమున ఎక్కి స్థిరపడిపోవునను భయము కొందరికి కలుగవచ్చును. ఒక్కరు చేసి అందరికి పంచినచో ఆ భయము నిజమగును. బడిబడికి పిల్లలే చేసికొన్నచో ఊరికొక యంత్రపుటాట పుట్టును. రాతిపలకకు గల స్వేచ్ఛ యంత్రమునకును అబ్బును. ఆపైన ఒక బడి చేసిన ఆటను మరియొక బడి ఆడి, “మా ఊరిలో ఇట్లు కాదు” అని తగవులాడవచ్చును. పోయినదనుకొన్న తగవు మరల దొరకును.

పదునైదు మేకలలో ఏ ఒక్కటియు పులిని గెలువజాలదు. ఒకదాని వెనుక ఒకటి నిలిచిననాడు మూడు పులులును కదలలేవు. లోకమంతట పెద్దసంస్థలు చేసి పంపు యంత్రముల యెదుట కొండబడి పిల్లవాడు ఒంటరిగా కూర్చున్నచో అతడు ఆడుటకు మాత్రమే పనికివచ్చును. అతని వెనుక ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయుని వెనుక ఊరు, ఊరి వెనుక తాతల భాష నిలిచినచో అతడు ఆటను చేయువాడగును. అందులకు కావలసిన మొదటి సాధనము ఏ బడిలోనైనను ఉన్నది. అది ఒక సుద్దముక్క.